పాపని బాబు అన్నారా, బాబుని పాప అన్నారా? అప్పుడేం చేయాలంటే

మా పాపకి పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాం. కల్యాణకట్టలో గుండు అయ్యాక స్నానం చేయించి, తల నిండా గంధం పూసి, పట్టులంగా కట్టి, ఎత్తుకుని బయటికి వచ్చి నాలుగడుగులు వేశామో లేదో ఒక పెద్దాయన ఆగి "బాబు భలే ఉన్నాడమ్మా, పేరేంటి?" అన్నారు. లంగా ఉంది, గాజులున్నాయి, కాళ్ళకి పట్టీలు గల్లుగల్లుమంటున్నాయి, అయినా ఆయన కంటికి ఆనింది ఆ గుండు ఒక్కటే. కొండ దిగేలోపు ఇంకో ఏడెనిమిది మంది అదే మాట. ఆ తర్వాత పుట్టిన మా బాబుకి మూడో ఏటి దాకా జుట్టు తీయించలేదు, భుజాల మీదికి రింగులు రింగులుగా పడేది, పిలక వేస్తే తప్ప అన్నం తినేటప్పుడు నోట్లోకి వచ్చేది, దాంతో వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళినా "పాప" అనేవాళ్ళు. అలా రెండు వైపులా ఏళ్ళ తరబడి చూశాను కాబట్టి, కొత్తగా అమ్మానాన్నలైనవాళ్ళు దీని గురించి చిరాకు పడుతుంటే నేను చేసినవీ, ముందే తెలిసుంటే బాగుండేది అనిపించినవీ చెప్తున్నాను.

మొదట ఒకటి మనసులో పెట్టుకోండి. అవతలివాళ్ళు కావాలని అనట్లేదు. రెండేళ్ళలోపు పిల్లల ముఖంలో ఆడా మగా తేడా పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఆ తేడాలు పదేళ్ళు దాటాక యుక్తవయసులో వచ్చేవి. అందుకే ఎవరైనా పైపై గుర్తుల్నే చూస్తారు. మన ఇళ్ళల్లో ఆ గుర్తులన్నీ ఇద్దరికీ పెడతాం కదా! దిష్టిచుక్క ఇద్దరికీ, నల్లగాజులు ఇద్దరికీ, మొలతాడు ఇద్దరికీ, చాలా ఇళ్ళల్లో చెవులు కూడా ఇద్దరికీ కుట్టిస్తారు. బట్టలు చూసి చెప్పడమూ కష్టమే. పుట్టబోయేది ఎవరో చెప్పకూడదని 1994లో చట్టం వచ్చింది, పైగా పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదని పెద్దవాళ్ళ పట్టింపు ఒకటి, కాబట్టి మొదటి నెలల్లో వేసేవి అన్నీ అక్కకొడుకువో, ఆడపడుచు కూతురివో పాతవే. మా పాప ఆరు నెలల దాకా వాళ్ళ పెదనాన్నగారబ్బాయి నీలం జుబ్బాల్లోనే పెరిగింది. ఎవరైనా బాబు అనుకుంటే వాళ్ళ తప్పేముంది?

అవతలి మనిషి మనతో ఎంతసేపు ఉంటారో చూసుకోండి

దిద్దాలా వద్దా అనేది తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నాకు దొరకలేదు. లిఫ్టులో రెండంతస్తులు, సిగ్నల్ దగ్గర పక్క ఆటోలోంచి ఒక నవ్వు, కూరగాయల బండి దగ్గర ఒక్క మాట, ఇలాంటి చోట వదిలేయండి. "బాబు బాగున్నాడు" అంటే నవ్వి "థాంక్సండీ" అనేసి నడిచి వెళ్ళిపోండి, పిల్లకి దానివల్ల పోయేదేమీ లేదు. రైల్లో ఎదురు సీటులో రాత్రంతా ఉండే కుటుంబం, కొత్తగా దిగిన అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్ళు, రోజూ పాలు పోసే మనిషి, వీళ్ళకి మాత్రం మొదటి మాటలోనే చెప్పేయండి. ఆలస్యం చేస్తే అవతలివాళ్ళే ఇబ్బంది పడతారు. నేనొకసారి పోనీలే అని ఊరుకున్నాను. మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన మూడు నెలలు "చిన్నబాబు, చిన్నబాబు" అని పిలిచి, మొదటి పుట్టినరోజుకి తన డబ్బుతో మగపిల్లాడి చొక్కా నిక్కరు కొనుక్కొచ్చాడు. అసలు సంగతి తెలిశాక ఆయన మొహం చిన్నబోయింది చూడండి, అది నాకు ఇప్పటికీ గుర్తే. ఆ చొక్కా మా పాపకి వేసి, ఫోటో తీసి ఆయనకి చూపించాను.

"కాదండీ" అనకుండా దిద్దడం

ఇందులో మన తెలుగు మనకి చాలా సాయం చేస్తుంది. వచ్చాడు, వచ్చింది అని క్రియలోనే అంతా ఉంది కదా, అందుకని "మీరు తప్పుగా అనుకున్నారు" అని విడిగా చెప్పాల్సిన పని లేదు. వాళ్ళన్న మాటకే జవాబు ఇస్తూ సరైన క్రియ వాడేయండి.

"ఏం పళ్ళొచ్చాయా బాబుకి?" అని అడిగారనుకోండి, "ఆఁ, రెండొచ్చాయండీ, అందుకే చొంగ కారుస్తోంది, చేతికేది దొరికితే అది కొరికేస్తోంది" అనండి. నూటికి తొంభై మందికి అక్కడే అర్థమైపోతుంది, "ఓ, పాపా!" అంటారు, మాట సాగిపోతుంది. అర్థం కాకపోతే రెండోసారి "మా పాపకి" అని పేరుతో సహా చెప్పండి. అదీ చాలకపోతే అప్పుడు నేరుగా "పాపండీ" అని ఒక్క మాట, నవ్వు మొహంతో. "పాపండీ, గుండు చేయించాం కదా, అందరూ అలాగే అంటున్నారు" అని కారణం కూడా చెప్తే వాళ్ళకి తప్పు చేసిన భావం ఉండదు.

గొంతు ముఖ్యం. పిల్ల ఏడుస్తూ, నిద్రలేక, మనమే విసుగ్గా ఉన్నప్పుడు "బాబు కాదు, పాప!" అని కసిరినట్టు వస్తుంది, నాకూ వచ్చింది చాలాసార్లు. అలాంటి రోజున దిద్దకపోవడమే మేలు.

ఇంకోటి, ప్రతి మాటనీ పొరపాటు కింద లెక్క వేయకండి. కోస్తా వైపు ఆడపిల్లని కూడా ముద్దుగా "ఏరా కన్నా", "దా నాన్నా" అంటారు, ఆ మనిషికి పాప అని బాగానే తెలుసు, అది ప్రేమ. తెలంగాణలో "నా బిడ్డ" అంటే ఎక్కువగా కూతురే, కానీ "ఇటు రా బిడ్డా" అని ఎవరినైనా పిలుస్తారు. మా అత్తగారిది వరంగల్, మాది తెనాలి దగ్గర, పెళ్ళైన కొత్తలో ఈ పిలుపులే నాకు గందరగోళంగా ఉండేవి. అందుకే, వాడు వీడు అంటూ "ఆడుకుంటున్నాడా?" అని క్రియతో సహా అంటే అప్పుడు మాత్రమే అది పొరబడటం అనుకోండి.

దిద్దిన తర్వాత వచ్చే మాట ఉంటుంది, అసలు సిద్ధపడాల్సింది దానికి

బాబు అన్నా పాప అన్నా నాకు ఎప్పుడూ బాధ కలగలేదు. పాప అని చెప్పాక అవతలివాళ్ళ గొంతులో వచ్చే మార్పు చూసి మాత్రం కలిగింది.

విజయవాడ నుంచి వస్తుంటే రైల్లో ఒక పెద్దావిడ, మంచి మనిషి, తన సంచిలోంచి వేరుశనగలు తీసి మాకు పెట్టింది, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుండు మీద ముద్దు పెట్టుకుని "మనవడు బంగారం, మీ ఆయన అదృష్టవంతుడమ్మా" అంది. "పాపండీ మామ్మగారూ" అన్నాను. ఆవిడ చేయి ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, ఆడపిల్లా?" అని, నా మొహం చూసి, "పోనీలేమ్మా, తొలిచూలే కదా, ఈసారికి మగపిల్లాడు పుడతాడులే" అని నన్ను ఓదార్చింది. పాప ఆవిడ గాజులు పట్టుకుని నవ్వుతూనే ఉంది. నాకు నోట మాట రాలేదు, కాజీపేట దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆ "అయ్యో", ఆ "పోనీలే", వీటిని వదలకండి. అలాగని పోట్లాట అక్కర్లేదు, పెద్దవాళ్ళ మీద గొంతు పెంచాల్సిన పనీ లేదు. వాళ్ళు మనకి ఓదార్పు ఇస్తున్నారు, మనకి ఓదార్పు అక్కర్లేదని చెప్పాలి, అంతే. ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్న మాటలు ఇవి. "పోనీలే ఎందుకు మామ్మగారూ, మేం పాప కావాలనే మొక్కుకున్నాం." "మాకు ఆడపిల్లంటే పండగండీ." ఇంకా సాగదీస్తే, "మీకూ కూతుళ్ళున్నారా అవ్వా? మీ దగ్గరికి ఎక్కువ ఎవరు వస్తుంటారు?" ఈ ఆఖరి ప్రశ్న అడిగినప్పుడల్లా మాట వాళ్ళ కూతురి మీదికి మళ్ళింది, మందులు కొనిపెట్టేది కూతురే అని, ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూతురే అని వాళ్ళే చెప్పుకొచ్చారు.

ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండేలా చూసుకోండి, ముఖ్యంగా పాప నాన్న. "అవునండీ, చూద్దాం ఈసారి" అని మొహమాటానికి తలూపే మొగుళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి. పాప నాన్న "మాకు పాపే చాలండీ" అంటే, అదే మాట నేను పదిసార్లు చెప్పినదానికంటే గట్టిగా తగులుతుంది.

ఇంత చిన్న మాటకి ఎందుకింత పట్టింపు అంటారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో 2001 జనాభా లెక్కలప్పుడు వెయ్యిమంది మగపిల్లలకి 961 మంది ఆడపిల్లలుండేవారు, 2011కి అది దాదాపు 940కి పడిపోయింది. అన్ని చట్టాలు వచ్చి, స్కానింగ్ సెంటర్ల మీద దాడులు జరిగాక కూడా. రైల్లో వేరుశనగలు పెట్టిన ఆ మామ్మ ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు. అయినా ఆవిడ నోట వచ్చిన ఆ "పోనీలే" ప్రతి ఇంట్లో, ప్రతి పురిటి మంచం దగ్గరా వినిపిస్తూనే ఉంటుంది, అది విని విని ఒక తల్లి రెండో కాన్పుకి భయపడుతుంది.

బాబుని పాప అన్నప్పుడు

ఇక్కడ సర్దిచెప్పాల్సింది బయటివాళ్ళకి కాదు, మన ఇంట్లోవాళ్ళకే. మా బాబుని "పాప ముద్దుగా ఉంది" అనగానే మా మామగారి మొహం ఎర్రబడేది, "మగపిల్లాడు, కనబడట్లేదా?" అనేవారు, ఇంటికొచ్చి ఆ జుట్టు వెంటనే తీయించమని గొడవ. అదే మనుషులు, గుండు తీయించే ముందు రోజు వాడికి లంగా జాకెట్టు వేసి, పూలజడ కుట్టి, వడ్డాణం పెట్టి స్టూడియోలో ఫోటో తీయించి హాల్లో తగిలించారు! మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళైన చాలామంది మగవాళ్ళ ఇళ్ళల్లో అలాంటి ఫోటో ఒకటి ఉంటుంది. ఆ ఫోటో చూపించే మా మామగారికి చెప్పాను, మనమే సరదా పడి ఆడపిల్లలా ముస్తాబు చేశాం, ఎవరో పాప అంటే మనకి చిన్నతనం ఎందుకు మామయ్యా అని. వెంటనే ఒప్పుకోలేదు, ఆ తర్వాత మాత్రం కసరడం తగ్గింది.

"బాబండీ, మూడో ఏట తీయిస్తాం" అని చెప్పండి, చాలు. "ఛ, పాప కాదు" అని మాత్రం అనకండి. పక్కన అక్క ఉంటే అది వింటుంది.

ఇక్కడ మాత్రం వెంటనే దిద్దండి

వీధిలో పోనీలే అనుకోవచ్చు గానీ ఆసుపత్రిలో, ఆఫీసులో అలా కుదరదు.

ఏడాది నిండాక పాపని బరువు చూపించడానికి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి గుండు చూసి, అడగకుండానే మగపిల్లల చార్టులో చుక్క పెట్టి "బరువు తక్కువున్నాడు, ఏం పెడుతున్నారు?" అని మొదలుపెట్టింది. పాప బరువు 7 కిలోల 400 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులు ఇద్దరికీ వేరువేరు. ఏడాది మగపిల్లాడి సగటు బరువు 9.6 కిలోలు, ఆడపిల్లది 8.9. మగపిల్లాడైతే 7.7 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు అంటారు, ఆడపిల్లకి ఆ గీత 7 కిలోల దగ్గర ఉంటుంది. అంటే మా పాప గీతకి పైనే ఉంది, కాకపోతే చూసిన చార్టు వేరు. ఆ ఐదు నిమిషాలు నాకు పట్టిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు. టీకాల కోసం ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో గులాబీ రంగు చార్టు ఆడపిల్లలది, నీలం రంగుది మగపిల్లలది, చుక్క ఎక్కడ పెడుతున్నారో పక్కన నిలబడి చూడండి.

పుట్టిన వెంటనే ఇంకా జాగ్రత్త. అప్పటికి పేరు ఉండదు, చేతికి కట్టే పట్టీ మీద "బేబీ ఆఫ్" అని తల్లి పేరే రాస్తారు, కాబట్టి రాసేవాళ్ళకి పేరుని బట్టి పట్టుకునే వీలు లేదు. డిశ్చార్జి కాగితంలో ఆడ/మగ అన్నచోట ఏముందో ఆసుపత్రి గడప దాటకముందే చదవండి. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేస్తారు, తప్పు అక్కడ పడితే అదే సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి ఆధార్‌లోకి, స్కూల్లోకి వెళ్తుంది, తర్వాత దిద్దించుకోవడానికి ఆసుపత్రి రికార్డులు పట్టుకుని తిరగాలి. ఆధార్‌లో ఆ వివరం మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఐదేళ్ళలోపు పిల్లల ఆధార్‌కి వేలిముద్రలు ఉండవు, ఇచ్చిన కాగితాన్ని బట్టే ఎక్కిస్తారు, కాబట్టి ఆపరేటర్ స్క్రీన్ మీద ఒకసారి మీరే చూసి సరే అనండి.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఇంకో చిన్న సంగతి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకి కూడా ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితం కదా, ఐదేళ్ళు దాటాక మొక్కు ఉండి గుండు చేయిస్తే ఆ కొన్ని నెలలూ పాప ఆధార్ మీ సంచిలో ఉంచుకోండి.

గుర్తు కోసం పిల్లని ఇబ్బంది పెట్టకండి

ఎవరూ పొరబడకూడదని తలకి ఎలాస్టిక్ బ్యాండ్లు బిగించేస్తున్నారు. బిగుతుగా ఉంటే నుదుటి మీద చార పడుతుంది, వదులుగా ఉంటే నిద్రలో జారి ముక్కు మీదికి వస్తుంది. ఫోటోకి పెట్టి తీసేయండి, కారు సీట్లో, ఉయ్యాల్లో అసలు వద్దు. అతికించే క్లిప్పులు, రాళ్ళ బొట్లు, పూసల గాజులు నోట్లోకి వెళ్ళేవే. కంట్లో కాటుక వద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నారు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టండి, అక్కడైతే కళ్ళు నలుపుకుంటూ పూసుకోదు. చెవులు ఎప్పుడు కుట్టించాలో మీ ఇంటి పద్ధతి, డాక్టరు మాట చూసుకోండి, పక్కింటావిడ బాబు అనుకుందని మాత్రం తొందరపడకండి.

పిల్లలకి మాటలొచ్చాక

రెండున్నర, మూడేళ్ళు వచ్చాక మీరు దిద్దడం మానేసి వాళ్ళకి వదలండి. మా పాపకి మూడో ఏట మళ్ళీ మొక్కు, మళ్ళీ గుండు. జామకాయల బండి దగ్గర ఆయన "ఏం కావాలి చిన్నోడా?" అంటే నేను నోరు తెరిచేలోపే "నేను పాపని, నాకు ఉప్పుకారం వద్దు" అంది. వాళ్ళు చెప్పకుండా ఊరుకుంటే ఊరుకోనివ్వండి, "చెప్పు, నువ్వు పాపవి కదా, చెప్పు" అని ముందుకి తోయకండి. ఇంటికొచ్చాక అడిగితే చెప్పండి, జుట్టు లేదు కదా, అందుకని తెలియలేదు అని.

మీరే పొరబడితే

మనం కూడా పొరబడతాం, నేను మొన్ననే పొరబడ్డాను. ఎదుట పసిబిడ్డ కనిపిస్తే "ఎన్నో నెలండీ?" అని అడగండి, అన్నిటికంటే మంచి ప్రశ్న అది, జవాబులోనే "ఏడో నెలండీ, పాకుతోంది" అనో "పాకుతున్నాడు" అనో వచ్చేస్తుంది. పేరు అడిగితే ఒక్కోసారి తేలదు, కిరణ్, తేజ, సత్య ఇద్దరికీ పెడతారు, ముద్దుపేరుగా పిలిచే చిన్ని, లక్కీ, బన్నీ సంగతి సరేసరి. "పాపా, బాబా?" అని నేరుగా అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. నోరు జారితే ఒక్క "సారీ అండీ" చాలు. తర్వాత "అయ్యో" అనకుండా, ఎత్తుకున్న చేతులు సడలనివ్వకుండా, బాబు అనుకున్నప్పుడు ఎంత ముద్దు చేశారో అంతే ముద్దు చేయండి. ఆ తల్లి మీ మాట కంటే మీ చేతుల్నే ఎక్కువ చూస్తుంటుంది.